రెండో నోటుబుక్కు

"తలుపు తియ్యి జయంతీ. కారొచ్చి గంటన్నరయింది."

మునిప్రసాద్ ఈ మాట అనడం అప్పటికి నాలుగోసారి. లోపల గడియ కదల్లేదు.

తొమ్మిదింటికల్లా తిరుపతి ఆసుపత్రిలో చేరాల్సిన మనిషి, తొమ్మిదిన్నరకి పాకాలలో తన పడకగదిలో గడియ వేసుకుని కూచుంది. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని, అది కాన్సరేనని మార్చి నెలలో తేలింది. ఇంకా చిన్నదే, వెంటనే తీసేస్తే గండం గడిచినట్టే అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆపరేషన్‌కి రెండుసార్లు తేదీ ఇచ్చారు. మొదటిసారి జయంతి జ్వరమంది. రెండోసారి మరిది ఇంట్లో గృహప్రవేశమంది. ఈసారి సాకు వెతుక్కునే శ్రమ కూడా పడలేదు.

"నాకు తగ్గతా ఉండాది. నేను యాడికీ రాను," అంది లోపల్నుంచి.

"తగ్గతా ఉండాదని ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పాల్నా? నా ఒళ్ళు నాకు తెలీదా?"

మునిప్రసాద్ తల పట్టుకున్నాడు. బజారువీధిలో మోటార్లు రిపేరు చేసే దుకాణం అతనిది. కాలిపోయిన మోటారు ఎదురుగా పెడితే గంటలో సంగతి తేలుస్తాడు గాని, పెళ్ళాంతో వాదించి నెగ్గిన చరిత్ర మాత్రం ఇరవై ఏళ్ళలో లేదు.

వరండాలో అత్తగారు శకుంతలమ్మ సంచి సర్దుతోంది. పెద్దకూతురి ఆపరేషనని రెండ్రోజుల ముందే కార్వేటినగరం నుంచి వచ్చేసింది. కూతురి మొండితనం ఆవిడకి కొత్తేమీ కాదు. తలుపు తియ్యక ఎక్కడికి పోతుందిలే అనుకుంటూ, ఆసుపత్రికి కావాల్సినవన్నీ ఒక్కొక్కటే సంచిలో పెడుతోంది.

"ఆ వార్డులో సలి జాస్తి అంట. దీనికి సలి తగిలితే దద్దుర్లు లేస్తాయి. కంబళి యాడుండాది మునిప్రసాదూ?"

"నడిమింట్లో ఇనపపెట్టెలో ఉంటాది సూడత్తా."

జయంతికి దద్దుర్లు చిన్ననాటి నుంచీ ఉన్నాయి. చలిగాలి తగిలినా, ఎండుచేపల కూర తిన్నా వీపంతా ఎర్రగా లేచి దురద పెట్టేది. అప్పట్లో దానికి ఒకటే వైద్యం, ముతక కంబళితో గట్టిగా రుద్దడం. రుద్దే పని చెల్లెలిది. ఆ కంబళినే శకుంతలమ్మ పెట్టెలోంచి తీసి, దుమ్ము పోయేలా గుమ్మంలో నిలబడి దులిపింది.

దుమ్ము రాలేదు. ఖాళీ మాత్రల అట్టలు రాలాయి. ఒకటీ రెండూ కాదు, చేటెడు రాలాయి.

"ఇయ్యేంది నాయనా?"

మునిప్రసాద్ ఒక అట్ట తీసుకుని వెలుతురులోకి పట్టుకుని చదివాడు. డాక్టరమ్మ రాసిన మందు కాదది. జలుబుకీ దురదకీ మెడికల్ షాపులో అడిగిన వాళ్ళందరికీ ఇచ్చే అలర్జీ మాత్ర.

"దద్దుర్ల మాత్రలత్తా."

"ఇన్నా?"

అతను మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. కంబళి దులిపిన చప్పుడు జయంతి వినే ఉంటుంది.

*

పదకొండున్నరకి రాజశ్రీ బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చింది. జయంతికి చెల్లెలు, ఎనిమిదేళ్ళు చిన్నది. తిరుపతిలో కాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తోంది, పిహెచ్‌డీ. ఆసుపత్రిలో మంచం ఇప్పించింది కూడా తనే. పొద్దున ఎనిమిదింటి నుంచి వార్డులో కాపలా కాసి, అక్క రాలేదని తెలిసి పరుగున వచ్చింది.

"సిస్టరు కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను బావా. నాలుగు గంటల దాకే మంచం పెడతానన్నది. నాలుగు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళా తేదీ ఆరు వారాల తర్వాతనే."

ఇప్పటికే మూడు నెలలు పోయాయి. ఆరు వారాలంటే ఏమిటో ఆ వరండాలో ముగ్గురికీ తెలుసు. శకుంతలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు రాజశ్రీ చూపు అట్టల మీద పడింది. వంగి ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళి, కొట్టకుండానే మాట్లాడింది.

"అక్కా, ఉగాదికి వచ్చినప్పుడు నా నోటుబుక్కు చదివినావు గదా. అది చూసేనా ఇవి తిన్నావు?"

పొద్దున్నుంచీ మొగుడికీ తల్లికీ కదలని గడియ, ఆ మాటకి ఠక్కుమని తెరుచుకుంది.

జయంతి గుమ్మంలో నిలబడింది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, మంచి చీరే కట్టుకుని ఉంది. పొద్దున బయల్దేరదామనే అనుకుందేమో, ఆవిడకే తెలియాలి.

"చదివితే ఏం? నాకు చదువు రాదనుకున్నావా?"

"చదువు రాదని ఎవరన్నారక్కా?"

"అన్నావు. 'నీకు అర్థం కాదులే అక్కా' అని నవ్వినావు. నాకు అర్థమైందమ్మా. ఒక రాత్రిలో ఇరవై రెండు పేజీలు రాసిపెట్టుకున్నాను."

నిజంగానే రాసుకుంది. లోపలికి వెళ్ళి పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. పట్టికలు కూడా స్కేలుతో గీతలు గీసి మరీ దించింది. మునిప్రసాద్ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఆ పుస్తకం తన ఇంట్లో ఉందని అతనికి ఆ క్షణం దాకా తెలియదు.

"చెప్పమంటావా ఏం రాసుండాదో? దద్దుర్లు లేపేది హిస్టమిన్. అది మన ఒంట్లోనే తయారైతాది. రొమ్ములో గడ్డ కూడా దాన్ని తయారుచేసుకుని, దాంతోనే బలుస్తాది. నీ ల్యాబు ప్లేట్లలో కాన్సర్ కణాల మీద హిస్టమిన్ పోస్తే పెరిగినాయి. అలర్జీ మందు పోస్తే ఆ పెరిగేది నిమ్మళించింది. అవునా, కాదా?"

"అవును, కానీ..."

"కానీ ఏంది? పాఠం తప్పు చెప్పినానా?"

రాజశ్రీ ఆ పట్టికలు తిరగేసింది. అక్క తప్పు చెప్పలేదు. తన గైడుకి తను ఎప్పుడూ ఇంత సూటిగా చెప్పలేకపోయింది. ఆ ఆపదలో కూడా ఆ సంగతి ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

*

కథ ఇక్కడ రవంత వెనక్కి వెళ్ళక తప్పదు. జయంతి చిత్తూరులో బి.ఎస్సీ. చదివి కాలేజీ మొత్తానికి ఫస్టు వచ్చింది. తిరుపతిలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఆడపిల్ల హాస్టల్లో ఉండటమేమిటని నాయన చెంగల్రాయుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే నాయన, రాజశ్రీ పెట్టె తన తలమీద పెట్టుకుని అదే హాస్టల్ మెట్లెక్కాడు. కాలం మారింది అన్నాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇక ఆయన్ని అడిగేందుకు లేదు. రాజశ్రీ ఉంది కాబట్టి జయంతి అసూయ అంతా రాజశ్రీ మీదికే పోయింది. జయంతి దాన్ని అసూయ అని ఎన్నడూ ఒప్పుకోలేదు. న్యాయం అనేది.

"నా ఈపు రుద్ది రుద్ది డాక్టరయినావు నువ్వు," అంది జయంతి. "దద్దుర్లు నాకు వచ్చినాయి. గడ్డ నాకు వచ్చింది. చదువు మాత్రం నీకు దక్కింది. నా రోగాలు పెట్టుకుని నువ్వు పేరు తెచ్చుకుంటా ఉంటే నేను మంచమెక్కి కోయించుకోవాల్నా? నువ్వు చదివిందే నేనూ చదివి, నా జబ్బు నేనే మాన్పుకుంటాను. అప్పుడు చూస్తాంలే ఎవరు డాక్టరో."

"పెద్దమ్మీ, ఏం మాటలే అవి," అంది శకుంతలమ్మ.

"నువ్వు ఊరకుండమ్మా. ఆ దినం నాయన కాగితం మడిచినప్పుడు కూడా ఊరకనే ఉన్నావు గదా. ఇప్పుడూ అట్నే ఉండు."

శకుంతలమ్మ కంబళి ఒళ్ళో పెట్టుకుని దాని పోగులు పీకుతూ కూచుంది.

కారు డ్రైవరు అష్రఫ్ వీధిలోంచి ఒకసారి లోపలికి తొంగిచూసి, ఉన్న వాలకం అర్థమై, మళ్ళీ వెళ్ళి కారులో కూచున్నాడు.

రాజశ్రీ సంచి జిప్పు తీసింది. పచ్చ అట్ట నోటుబుక్కు ఒకటి బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది.

"నువ్వు చదివింది మొదటి నోటుబుక్కు. ఇది రెండోది. నీ రిపోర్టులో ఉండే రకం కణాల మీద చేసింది."

జయంతి అద్దాలు పెట్టుకుంది. గుమ్మంలోనే కూచుని, ఒక మోకాలి మీద పచ్చ నోటుబుక్కు, ఇంకో మోకాలి మీద తన పొడుగాటి పుస్తకం పెట్టుకుని, పట్టికకి పట్టిక సరిచూస్తూ చదివింది. ముప్పావు గంట పట్టింది. మునిప్రసాద్ నీళ్ళు తెచ్చి పక్కన పెడితే, కన్నెత్తకుండానే గ్లాసు పక్కకి జరిపింది. ఆ ముప్పావు గంటా ఆ మొహంలో జబ్బు లేదు.

"దీంట్లో మందు పోసినా కణాలు ఆగలే."

"ఆగలేదక్కా."

"కొన్ని ప్లేట్లలో ఇంకా పెరిగినాయి."

"అవును."

"కానీ దీంట్లో నువ్వు పోసింది దాంట్లో పోసినదానికి నూరో వంతే." జయంతి తలెత్తింది. కళ్ళు మెరుస్తున్నాయి. "అంటే మందు తప్పు కాదే. నేను తిన్నది చాలలే! రోజుకి మూడు కాదు, ఇంకా జాస్తి తినాల!"

అక్కని బయటికి లాగుదామని తెచ్చిన పుస్తకమే అక్కని ఇంకా లోపలికి తోస్తోంది.

"అయ్యో, కాదక్కా! నూరో వంతు కావాలనే పోసినాను. మనిషి మాత్ర మింగితే ఒంట్లోకి చేరేది అంతే. మొదటి దాంట్లో పోసినంత మనిషికి ఎక్కిస్తే గుండె ఆగిపోతాది. అవి ప్లేట్లో ఉండే కణాలక్కా. వాటికి గుండె లేదు, చచ్చిపోతాయనే భయం లేదు. నీకుండాది."

"మరి ఇది ఎప్పుడు చేసినావు?"

"ఫిబ్రవరిలో."

"నేను ఉగాదికి చదివినాను." జయంతి గొంతు నెమ్మదించింది. నెమ్మదించిన కొద్దీ వినడానికి భయం వేసింది. "అంటే అప్పటికే ఇది నీ దగ్గరుండాది. నేను మొదటిది చదువుతా ఉంటే నువ్వు వాకిట్లో నిలబడి చూసినావు. నాకు తెలుసు, నీ గాజుల చప్పుడు విన్నాను. రెండోది కూడా ఉండాదక్కా అని ఒక్క మాట ఎందుకు చెప్పలే?"

రాజశ్రీ నేల చూపులు చూసింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి బస్సులోనే తెలుసు.

"నీ కడుపులో ఏముండాదో చెప్పు మే," అంది జయంతి.

"నువ్వు మాత్రలు మొదలుపెడతావని కలలో కూడా అనుకోలే, దేవుడి సాక్షి. కానీ..." రాజశ్రీ కళ్ళు తుడుచుకుంది. "రెండోది ఇస్తే నువ్వు ఒక్క చదువులో పసిగట్టేస్తావు, నా ఆరేళ్ళ పని మనిషికి పనికిరాలేదని. మా గైడు నాలుగు నెలలైనా ఇంకా కనుక్కోలే. నువ్వు ముప్పావు గంటలో కనుక్కున్నావు చూడు! చిన్నప్పుడు నా లెక్కలన్నీ నువ్వే దిద్దేదానివి. నాయన పదిమందిలో పెద్దది బంగారు తునక అనేవాడు. నన్ను ఒక్కసారి అట్ల అనలే. హాస్టల్‌కి తీసకపోయేటప్పుడు కూడా, 'మీ అక్కయ్యుంటే ఇంకా పైకి పోయేది' అన్నాడు. నీకు తెలుసా ఆ మాట? మొదటి నోటుబుక్కు నువ్వు కాపీ రాసుకుంటా ఉంటే, మా అక్క నా రాత చదువుతా ఉండాది అని నిండా సంతోషపడినాను. ఆ సంతోషం పోగొట్టుకోలేక రెండోది దాచినాను."

ఆ మాట జయంతికి తెలియదు. ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. తల్లి వైపు చూసింది. శకుంతలమ్మ అవునన్నట్టు తల ఊపింది.

నాయన తనని తలుచుకున్నాడన్న సంతోషం ఒక్క క్షణం జయంతి మొహంలో కనబడింది. మరుక్షణమే అది పోయి, పాత కసి మళ్ళీ వచ్చి కూచుంది. మెచ్చుకున్నవాడు ఆ రోజు చదువుకి పంపొచ్చు కదా!

"సరే. వస్తాను," అంది జయంతి.

మునిప్రసాద్ గబుక్కున లేచాడు.

"కానీ ఒకటి. నీ పని ఉత్తదని నీ నోటితో చెప్పు. అమ్మ ముందర, ఆయన ముందర చెప్పు."

"జయంతీ, ఇప్పుడిదంతా ఎందుకు..." అన్నాడు మునిప్రసాద్.

"నువ్వుండప్పా. అది చెప్పాల."

గడియారంలో ఒంటిగంట దాటి పది నిమిషాలయింది. రాజశ్రీ ఒకసారి గడియారం చూసింది, ఒకసారి అక్కని చూసింది. ఆరేళ్ళు. ఎన్ని ఆదివారాలు, ఎన్ని పండగలు ఆ ప్లేట్ల దగ్గరే గడిచిపోయాయో. వచ్చిన సంబంధాలన్నీ తర్వాత తర్వాత అని వాయిదా వేసింది ఆ పని కోసమే.

"నా పని ఉత్తది," అంది.

"వినపళ్ళే."

"నా పని ఉత్తదక్కా! ఆరేళ్ళు ఊరక చేసినాను. లేయి, పోదాం."

జయంతి లేచి చెప్పులేసుకుంది. నడకలో, ఎన్నాళ్ళుగానో లేని హుషారు కనబడింది. శకుంతలమ్మ కంబళి చంకన పెట్టుకుని వెనకే నడిచింది.

*

ఊరు దాటకముందే రైలు గేటు పడింది. అష్రఫ్ కారాపి, "గూడ్సు బండక్కా, పదినిమిషాల్లో పోతాది. మూడింటికి ముందే తిరుపతిలో ఉంటాం, నాదీ పూచీ," అన్నాడు.

వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూచున్నారు. జయంతి కిటికీలోంచి గేటు వైపు చూస్తోంది. ఏదో గలగలమంటే తల తిప్పింది.

రాజశ్రీ ఒళ్ళో ఖాళీ అట్టలన్నీ ఉన్నాయి. బయల్దేరే తొందరలో వరండాలోంచి ఎప్పుడు ఏరుకుందో ఎవరూ చూడలేదు. ఒక్కొక్క అట్టా లెక్కబెట్టి, వరసగా పేర్చి, రబ్బరుబ్యాండు వేస్తోంది.

"ఆ కసువు నీకెందుకే?"

రాజశ్రీ చెయ్యి ఆగింది.

"ఏ దినం మొదలుపెట్టినావక్కా? రోజూ మూడూ తప్పకుండా తిన్నావా? మధ్యలో ఏమన్నా మానినావా?"

ఆ అడిగే తీరు జయంతికి తెలుసు. చిన్నప్పుడు లెక్క చిక్కుముడి విడిపోతున్నప్పుడు రాజశ్రీ అలాగే మాట మీద మాట అడిగేది. ఇంటి దగ్గర ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి గాని, వాటి వెనక ఇప్పుడు ఏడుపు లేదు.

"దేనికి అడగతా ఉండావు?"

రాజశ్రీ అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ప్రయత్నించి, చేతకాక, సంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క పరిశోధనకి ఇవ్వడానికి ఇష్టమేనని రోగి సంతకం పెట్టాల్సిన కాగితం అది.

"ప్లేట్లో ఏమైందో చూసినాను. మనిషిలో ఏమైతాదో ఎవరికీ తెలీదక్కా. ఆపరేషన్‌కి ముందు మూడు నెలలు ఈ మాత్ర విడవకుండా తిన్న మనిషి మా దగ్గర ఒక్కరు కూడా లేరు. నువ్వొక్కదానివే." గొంతు తగ్గించింది. "నీ ముక్క ఇస్తే నా ఆరేళ్ళూ నిలబడినా నిలబడతాయి."

ముందు సీట్లో మునిప్రసాద్ వెనక్కి తిరగలేదు. శకుంతలమ్మ కంబళిలో మొహం దాచుకుంది.

జయంతి కాగితం అందుకుంది. అద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తీరిగ్గా చదివింది. పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది. రాజశ్రీ పెన్ను మూత తీసి ఇచ్చింది.

గూడ్సు బండి వెళ్ళిపోయింది. గేటు లేస్తోంది. అష్రఫ్ కారు స్టార్టు చేశాడు.

"ఇందాక ఇంట్లో ఏమన్నావు మే? ఉత్త పని అన్నావు గదా," అంది జయంతి, సంతకం పెట్టకుండానే పెన్ను మూత తీసుకుని మళ్ళీ బిగిస్తూ. "ఉత్త పనికి నా ముక్క ఎందుకు?"